అలిపిరి పలకలేదు

కుముదవల్లి రాసిన ప్రోగ్రాం మొదట్లో మూడు రకాల జవాబులు చెప్పేది. ఉన్నారు, లేరు, తెలియదు. ఆ మూడోదాన్ని ఆమె చేతులతో ఆమే తీసేసింది.

తిరుపతిలో అప్పట్లో యాత్రిక సహాయ సమితి అని ఒకటి ఉండేది. కొండకు వచ్చే జనంలో తప్పిపోయినవాళ్ళను మళ్ళీ అయినవాళ్ళ దగ్గరికి చేర్చడం దాని పని. బస్టాండులో ఒకచోట, రైల్వే స్టేషనులో ఒకచోట, మెట్లదారి మొదలయ్యే అలిపిరిలో ఒకచోట బల్లలు వేసుకుని కూర్చునేవాళ్ళు. అలిపిరిలో దొరికిన ముసలమ్మ కోసం బస్టాండులో కొడుకులు వెతుకుతూ ఉండేవాళ్ళు. ఒకచోటి సంగతి ఇంకోచోటికి తెలిసేసరికి పొద్దుపోయేది. ఎనభై ఎనిమిదిలో సమితి అధ్యక్షుడు యతిరాజులుకు, ఈ మూడు చోట్లా కంప్యూటర్లు పెట్టి టెలిఫోను తీగలతో కలిపితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. పట్టుకుంటే వదిలే మనిషి కాదు. దాతలను పట్టుకుని మిషన్లు తెప్పించి, వాటిని కలిపే పని సుదర్శనానికి అప్పగించాడు.

సుదర్శనం బెంగుళూరులో ఉద్యోగం మానుకుని వచ్చి, గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్టు మీద మేడలో చిన్న కంప్యూటరు ఆఫీసు పెట్టుకున్నాడు. ఆయన దగ్గర ప్రోగ్రాములు రాసేది కుముదవల్లి ఒక్కతే. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. నాయన సంస్కృతం పంతులు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, మద్రాసులో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటర్ల చదువు చదువుకుని వచ్చింది.

వివరాలన్నీ బస్టాండు మిషనులోనే పెట్టి, తక్కిన రెండూ దాన్ని అడిగేట్టు చేయమన్నాడు సుదర్శనం. ఆమె ఒప్పుకోలేదు.

"ఆ ఒక్కటీ పడుకుంటే మూడూ పడుకుంటాయి సార్. దొరికినవాళ్ళవీ, వెతికేవాళ్ళవీ, ఎక్కడి వివరాలు అక్కడి మిషనులోనే ఉండనీండి. ఒకటి అడిగితే తక్కినవి చెప్తాయి. ఒకటి పోయినా మిగతావాటి పని ఆగదు."

సుదర్శనం కాసేపు ఆలోచించి తలాడించాడు. ఆ తలాడింపు ఆమెకు చాలా రోజులు గుర్తుంది.

తర్వాత వచ్చిన చిక్కు జవాబు కోసం కాచుకోవడం గురించి. ఒక మిషను అడుగుతుంది, అవతలిది పలకదు. తీగ తెగి పలకలేదా, కరెంటు పోయి పలకలేదా, పనిలో మునిగి నిదానంగా ఉందా, అడిగిన మిషనుకు తెలిసే దారి లేదు. ఎంతసేపని కాచుకుంటుంది? బల్ల ముందర జనం తోసుకుంటూ ఉంటారు. అందుకే కొంతసేపు చూసి, జవాబు రాకపోతే "తెలియదు" అనమని ఆమె రాసింది. ఆ మిషన్లకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీదికి తెప్పించింది.

అందరికీ చూపించే రోజున యతిరాజులు ఊళ్ళో పెద్దలను బస్టాండుకు పిలిచాడు. శాలువాలు, పూలదండలు, కాఫీలు. ఉత్తుత్తిగా ఒక పేరు కొట్టి చూపించమన్నారు. కుముదవల్లి కొట్టింది. తెర మీద స్టేషను నుంచి "లేరు" అని వచ్చింది. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత అలిపిరి పేరు ఎదురుగా "తెలియదు" అని వచ్చింది. అంతకు ముందే అక్కడ కరెంటు పోయిందట.

వెనక నిలబడ్డ ఒకాయన నవ్వాడు. "తెలియదని చెప్పేదానికి ఇంత మిషనెందుకప్పా? మన నిర్మలమ్మ సాలదా?"

నిర్మలమ్మ బస్టాండు బల్ల దగ్గర కూర్చునే మనిషి. ఆమె కూడా నవ్వింది. అందరూ నవ్వారు.

జనం వెళ్ళిపోయాక యతిరాజులు సుదర్శనాన్ని పక్కకు పిలిచాడు. కుముదవల్లికి వినపడాలనే కొంచెం గట్టిగా మాట్లాడాడు. "ఏడ్చుకుంటా వచ్చినోళ్ళకు తెలియదు అని చెప్పే ముఖం మాకు లేదు నాయనా. ఉంటే ఉండారు అనండి. లేకుంటే లేరు అనండి. ఈ మధ్య మాటలు వద్దు."

ఆఫీసుకు తిరిగి వచ్చాక సుదర్శనం, "తీసేయమ్మా. లైను ఎప్పుడో గానీ పోదు కదా," అన్నాడు.

"అది అబద్ధం అవుతుంది సార్."

"ఎప్పుడో ఒకసారి."

ఆమె ఇంకో మాట అని ఉంటే ఆయన వినేవాడే. అనలేదు. ఆ నవ్వు ఆమెకు బాగా గుచ్చుకుంది. నెలల తరబడి చేసిన పని ఆ ఒక్క మాట వల్ల నవ్వులపాలైంది. రాత్రి అన్నం కూడా సయించలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, జవాబు రాకపోతే "లేరు" అనేట్టు మార్చేసింది. రెండు వరుసలు చెరపడం, ఒక మాట మార్చడం. కాఫీ వచ్చేలోపల అయిపోయింది.

తర్వాత అన్నీ బాగానే జరిగాయి. సాయంత్రం పని అయ్యాక ఆమె బస్టాండుకు పోయి నిర్మలమ్మ పక్కన కూర్చునేది. తప్పిపోయినవాళ్ళ పేర్లు తెర మీద కనపడేవి, అయినవాళ్ళ ముఖాలు విచ్చుకునేవి. ధర్మపురి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మిషనుకే దండం పెట్టాడు. ఆ మూడో జవాబు సంగతి ఆమె మరిచిపోయిందని కాదు. తలుచుకోవడం మానేసింది.

తమిళులు వెంకన్నకు మొక్కులు తీర్చుకునే పెరటాసి నెల శనివారాల్లో తిరుపతిలో కాలు పెట్టే సందు ఉండదు. అట్లాంటి ఒక శనివారం మధ్యాహ్నం, నలభై దాటిన ఒకామె బస్టాండు బల్ల దగ్గరికి వచ్చింది. గుండు మీద చందనం ఇంకా చెదరలేదు. పేరు చంద్రకాంతమ్మ అని, పూతలపట్టు దగ్గర పల్లె అని చెప్పింది. చెరకు పెట్టుకునే కుటుంబం. తమ్ముడు గోవిందుతో మొక్కు తీర్చుకోను వచ్చింది. మెట్లు దిగి వస్తుండగా తొక్కులాటలో తమ్ముడు చెయ్యి జారిపోయాడు.

"పేరు పెట్టి పిలిస్తే పలకడు. పుట్టినప్పటినుంచి మూగ, చెవుడు. ముప్పయ్యేండ్లు ఉంటాయి. గుండు. నీలి సొక్కా. ఈడికే వస్తాడనుకొని వచ్చినాను. బస్సెక్కేది ఈడే గదా."

మూగ, మగమనిషి, గుండు, నీలి చొక్కా అని నిర్మలమ్మ మిషనులో కొట్టింది. కుముదవల్లి పక్కనే కూర్చుని కాఫీ తాగుతోంది. స్టేషను నుంచి చప్పున "లేరు" అని వచ్చింది. అలిపిరి నుంచి రావడానికి సేపు పట్టింది. ఆ సేపు ఎంతో కుముదవల్లికి తెలుసు. అది ఆమె పెట్టిన గడువే. చివరిదాకా పోయి అప్పుడు "లేరు" అంది.

ఆమె చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది. శనివారం కదా, అలిపిరిలో జనం ఎక్కువ, మిషను నిదానించి ఉంటుంది అనుకుంది. అట్లా అనుకోవడం సులభంగా ఉంది.

చంద్రకాంతమ్మ నిర్మలమ్మను వదిలేసి ఆమె వైపు తిరిగింది. చదువుకున్న పిల్లలా కనపడింది కాబోలు. "అయితే ఆ రెండు తావుల్లోనూ లేనట్టేనా పాపా?"

"లేరక్కా," అంది కుముదవల్లి.

"మిషను సెప్పినాక ఇంగేముండాది." చంద్రకాంతమ్మ కొంగు బిగించి లేచింది. "వానికి రైళ్ళంటే పిచ్చి. రేణిగుంటకు పోయినాడేమో. ఆడ సూస్తాను."

ఆమె రేణిగుంట బస్సెక్కడం కుముదవల్లి చూసింది.

మర్నాడు ఆదివారం. సెలవైనా ఇంట్లో నిలవలేక బస్టాండుకు పోయింది. చంద్రకాంతమ్మ బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. రేణిగుంటలో లేడు. ఎవరో చెప్తే కాళహస్తికీ పోయి చూసింది. అక్కడా లేడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

నిర్మలమ్మ, "నిన్న మధ్యాన్నం కాలవ తవ్వేవాళ్ళు అలిపిరి దోవలో కేబులు తెగ్గొట్టేసినారంట. ఇందాకే అతికించి పోయినారు," అంది, మామూలుగా చెప్పే మాటలాగే.

కుముదవల్లి నిర్మలమ్మను లేపి మిషను ముందర తానే కూర్చుంది. మూగ, మగమనిషి, గుండు, నీలి చొక్కా. ఈసారి అలిపిరి వెంటనే పలికింది. అవే ఆనవాళ్ళు. నిన్న మధ్యాహ్నం దొరికాడు. చివర్లో "పంపించేసినాము" అని ఉంది.

ఆటోలో అలిపిరికి పోయేంతసేపూ చంద్రకాంతమ్మ, "ఆడనే ఉండినాడా? ఆడనే ఉండినాడంట గదా?" అని అడుగుతూనే ఉంది. కుముదవల్లి తలాడించింది.

అలిపిరి బల్ల దగ్గర కుప్పయ్య అనే పెద్దాయన ఉన్నాడు. నీలి చొక్కా మనిషి బాగా గుర్తున్నాడు. "పొద్దు వాలేదాకా ఈడనే కూసోనుండెనమ్మా. ఎవురన్నా ఇతన్ని వెతుకుతుండారా అని ఊరికూరికే మిషన్లో అడిగితిని. లేరు, లేరు అనే వచ్చె. వెతికే దిక్కు లేదంటే ఈడనే తిరిగే మనిషేమో అనుకుంటి. అన్నం పెట్టి పంపిచ్చేస్తిని."

చంద్రకాంతమ్మ అక్కడున్న అరుగు మీద కూలబడింది. "నేను వెతుకుతుంటి గదా సామీ," అంది. కోపం లేదు. అర్థం కావడం లేదు, అంతే.

కుప్పయ్య మిషను వైపు చూశాడు. కుముదవల్లి నేల వైపు చూసింది. వెతికేవాళ్ళ వైపు, దొరికినవాళ్ళ వైపు, రెండు చోట్లా ఒకే అబద్ధం చెప్పించింది తానే.

ఆ వారమంతా ఆమె ఆఫీసు మానేసింది. చంద్రకాంతమ్మను వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్లు, సత్రాలు, ఆసుపత్రులు తిరిగింది. ఇంటికి తీసుకుపోయి అమ్మ చేత అన్నం పెట్టించింది. ఎందుకింత చేస్తున్నావని ఎవరూ అడగలేదు. మంచి పిల్ల అనుకున్నారు.

గోవిందు చిత్తూరు పెద్దాసుపత్రిలో దొరికాడు. అలిపిరి నుంచి నడక మొదలుపెట్టి, బస్సులో చూసి గుర్తున్న దారినే చంద్రగిరి దాటి ఇంటివైపు పోయాడు. చీకటిపడ్డాక ఒక ఊరి బయట నీళ్ళ కోసం బావిలోకి దిగాడు. ఆ చుట్టుపక్కల బావుల మీద మోటార్లు దొంగతనం పోతున్నాయి, కాపలా కాస్తున్నారు.

చంద్రకాంతమ్మ మంచం పక్కన నిలబడి ఈ సంగతులన్నీ కుముదవల్లికి చెప్పింది. "నీళ్ళు తాగుతుండినాడంట. ఎవురురా నువ్వు, ఏ ఊరు అని అడిగినారంట. పలకలేదంట. పలకలేదంటే దొంగే అనేసినారు. ఇరగ్గొట్టినాక తెలిసినాది వాళ్ళకు, మూగోడని. భయపడి ఒక కొట్టంలో పండబెట్టేసినారు. వాళ్ళలోనే ఒకాయమ్మ బండి కట్టిచ్చి ఈడికి పంపినాది."

గోవిందు ముఖం వాచిపోయి ఉంది. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళదాకా కట్టు. అక్కను చూసి ఎడమచేత్తో ఏదో చెప్తున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

కట్టు కట్టడానికి వచ్చిన నర్సుతో చంద్రకాంతమ్మ, "ఈ పాప ఎవురో కూడా మాకు తెలియదు. మాకోసం పోలీసుల సుట్టూ తిరిగినాది. కన్నోళ్ళు బంగారం పెట్టి పెంచినారు," అంది. కుముదవల్లి తెచ్చిన బత్తాయి పండ్లు మంచం మీద పెట్టి బయటికి వచ్చేసింది. ఆసుపత్రి కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది. మళ్ళీ లోపలికి పోయి చెప్పాలనుకుంది. తిరుపతి బస్సెక్కింది.

సుదర్శనం ఆమెను ఓదార్చబోయాడు. "కేబులు తెగింది. మన చేతిలో ఉన్న పనా అది?"

"తెగుతుందనే కదా సార్ మూడో జవాబు రాసుకున్నాం."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తీసేయమన్నది నేను. ఆ బరువు నాది."

"తీసింది నేను. ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నది కూడా నేనే. ఆలస్యంగా వచ్చిందని నాకు తెలుసు. ఆమె నన్నే అడిగింది సార్. నేనే చెప్పినాను."

ఆ చివరి సంగతి ఆయనకు అంతవరకూ తెలియదు. ఇంక ఓదార్చలేదు.

ఎవరినీ అడక్కుండా ఆమె ప్రోగ్రాం మళ్ళీ మార్చింది. "తెలియదు" అనడమే కాకుండా, "అక్కడికి పోయి చూడండి" అని కూడా కలిపింది. యతిరాజులుకు మర్నాడే తెలిసింది. మేడ మెట్లెక్కి ఆయాసపడుతూ ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ పొద్దు నేనన్న మాటకేనామ్మా ఇదంతా?"

అవునని ఉంటే బరువు కొంత దిగేదేమో. ఆయన అందుకు సిద్ధపడే వచ్చినట్టు కనపడింది.

"మీకు మిషను సంగతి తెలియదు. నాకు తెలుసు," అంది ఆమె.

"ఉండనీ ఆ మాట. ఎవురు నవ్వినా ఉండనీ," అని ఆయన మెట్లు దిగిపోయాడు.

పుష్యమాసం వచ్చేసరికి చిత్తూరు వైపు బెల్లం వంటలు మొదలయ్యాయి. ఒక ఆదివారం కుముదవల్లి పూతలపట్టు బస్సెక్కింది. ఇంట్లో ఎక్కడికని అడిగితే స్నేహితురాలి ఊరని చెప్పింది. దారంతా చెప్పవలసిన మాటలు కూర్చుకుంది. దిగేసరికి ఒక్కటీ మిగలలేదు.

చెరకు తోట పక్కన గానుగ ఆడుతోంది. పెద్ద పెనంలో రసం కాగుతోంది. గోవిందు పొయ్యి ముందర కూర్చుని ఎడమచేత్తో ఎండిన పిప్పి మంటలోకి తోస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు సగం ముడుచుకుని అట్లాగే నిలిచిపోయాయి.

చంద్రకాంతమ్మ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. చెట్టు నీడన చాప వేసి, చెంబుతో చెరకు రసం ఇచ్చింది. "పాకం దించేది వాడే ఉండె మునుపు. ఇప్పుడు తెడ్డు పట్టలేడు. పొయ్యి కాడ కూసోబెట్టినాము. సేతులూరకుంటే వానికి తోచదు."

"అక్కా, నీకొక మాట చెప్పాల," అంది కుముదవల్లి. రసం తాగకుండానే పక్కన పెట్టింది.

చెప్పింది. మిషను మొదట ఏం చెప్పేదో, తాను ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో. నవ్విన సంగతి కూడా దాచలేదు. బస్టాండులో ఆ మధ్యాహ్నం తనకు అనుమానం వచ్చిందని, వచ్చినా "లేరక్కా" అన్నానని చెప్పింది.

చంద్రకాంతమ్మ వింటూ చాప అంచు పుల్లలు ఒక్కొక్కటే లాగుతూ కూర్చుంది. మిషను సంగతులు ఆమెకు ఎంత తెలిశాయో గానీ, తెలియవలసింది తెలిసింది.

"తెలియదని సెప్పింటే నేను అలిపిరికే పోయిండేదాన్ని గదా," అంది చివరికి. "ఎంత దూరం అది? జట్కాలో పోయినా పొద్దుండగానే పోయిండేదాన్ని."

"అవునక్కా."

"మేము ఆ కాలవ తవ్వినోళ్ళను తిట్టుకుంటా ఉండాము ఇన్ని దినాలూ."

కుముదవల్లి తల వంచుకుంది. చంద్రకాంతమ్మ లేచి పెనం దగ్గరికి పోయింది. ఎవరికో ఏదో పురమాయించింది. తిరిగి వచ్చి నిలబడే మాట్లాడింది.

"నువ్వు మాకు సేసింది నేను మరిసిపోలేదు. ఇది కూడా మరిసిపోలేను. రెండూ ఉంటాయి."

"గోవిందుకు కూడా చెప్పాల. నువ్వు చేతులతో చెప్తే వింటాడు కదా."

"నేను సెప్పను," అంది చంద్రకాంతమ్మ. "కొట్టినోళ్ళెవురో వానికి తెలుసు. దాంతోనే నిద్రలో ఉలిక్కిపడతాడు. ఇంగొకటి వాని నెత్తిన పెట్టను. సెప్పాలని ఉంటే నువ్వే సెప్పుకో."

ఆమె మళ్ళీ పెనం దగ్గరికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కుముదవల్లి పొయ్యి దగ్గరికి నడిచింది. గోవిందు ఆమెను ఆసుపత్రిలో చూసిన మనిషిగా గుర్తుపట్టి నవ్వాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె వేడికి ఎదురుగా గొంతుకూర్చుంది. ముందు తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అతని కుడిచెయ్యి చూపించింది. మళ్ళీ తనను చూపించుకుంది. టెలిఫోను తీగ చూపించాలని గాలిలో దూరంగా ఒక గీత గీసింది. దాన్ని తెంచినట్టు చూపించింది. లేదు అన్నట్టు చెయ్యి తిప్పింది. రెండు చేతులూ జోడించింది. తన చేతులు ఏం మాట్లాడుతున్నాయో తనకే తెలియలేదు.

గోవిందు జాగ్రత్తగా చూశాడు. కనుబొమలు ముడిచి, ఆమె గీసిన గీత వైపు తల తిప్పి చూశాడు. ఆ దిక్కునే బస్సులు పోయే రోడ్డు ఉంది. అర్థమైనట్టు గట్టిగా తల ఊపాడు. పిప్పి పక్కన పడేసి లేచి, రమ్మని చెయ్యి ఊపి ముందర నడిచాడు.

"అది కాదు," అంది ఆమె పైకే. అతను అప్పటికే గట్టు మీద ఉన్నాడు.

చెరకు తోట మధ్య కాలిదారిలో ఆమె అతని వెనకాలే నడిచింది. బురద వచ్చిన చోట ఆగి, ఎక్కడ అడుగు వేయాలో చూపించాడు. రోడ్డు చేరాక చింతచెట్టు కింద నిలబడ్డారు. ఆమె ఇంకోసారి చేతులెత్తి, ఏమి చెప్పాలో తోచక దించేసింది. దూరంగా తిరుపతి బస్సు వస్తూ కనపడింది. గోవిందు నడిరోడ్డులోకి పోయి ఎడమచెయ్యి పైకెత్తి దాన్ని ఆపాడు. ఆమె ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని వెనక్కి చూసింది. బస్సు కదిలిందని నిమ్మళపడి అతను మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతున్నాడు.